ఎడమ వైపు వాల్వు

పాట పిడికిట్లో ఇమిడే పలకలోకి కుంచించుకుపోయి, గింజంత యంత్రమై చెవిలో దూరి, పక్కనున్నవారికి కూడా తెలియకుండా మోగి ఆగిపోతున్న ఈ కాలంలో, ఒక స్విచ్చు వేసి, రెండు గాజు బుడ్లలోని తీగలు ఎర్రబడి వెచ్చబడేదాకా చేతులు ఒళ్ళో పెట్టుకొని, దైవసన్నిధిలో కూర్చున్నంత నిమ్మళంగా ఎదురుచూసే మనిషి ఒకరు, ఏటవాలు వీధి చివర, కింద దుకాణాలూ పైన కాపురాలూ ఉన్న ఒక మేడలో, తన సంసారాన్నీ దాదాపు అంతే వయసున్న తన యాంప్లిఫయర్‌నూ ఒకే రకమైన జాగ్రత్తతోనూ, ఈ మధ్య ఒకే రకమైన అనుమానంతోనూ కాపాడుకుంటూ వస్తున్నారు.

ఆయన్ను అందరూ పళ్ళ మేస్త్రి అంటారు. పళ్ళ డాక్టర్లు రోగి నోటి అచ్చు తీసి పంపితే, దాన్నిబట్టి కట్టుడు పళ్ళు తయారుచేసి ఇవ్వడం ఆయన వృత్తి. ఇంట్లోనే వీధివైపు గది ఆయన పనిగది. గోడ పొడవునా చెక్క అరలు, అరల నిండా తెల్లటి ప్లాస్టర్ దవడలు. కొత్తగా వచ్చినవారు తలుపు తీస్తే, మాట రాక నోళ్ళు తెరుచుకున్న ఒక సభ తమనే చూస్తున్నట్టు ఉలిక్కిపడతారు. బల్లమీద గులాబీ రంగు మైనం, సన్నని కత్తులు, స్పిరిట్ దీపం, కంటికి బిగించుకునే భూతద్దం. ఆ బల్లముందు కూర్చుని ఏళ్ళ తరబడి ఆయన సాధించినది ఒక్కటే: చేసిన పన్నును మొలిచిన పన్నులా నమ్మించడం. వరస మరీ తిన్నగా ఉంటే తెలిసిపోతుందని ఒక పన్నును కావాలనే వెంట్రుకవాసి పక్కకు తిప్పుతారు. మరీ తెల్లగా ఉంటే పట్టుబడుతుందని మొదళ్ళ దగ్గర కాస్త పసుపు కలుపుతారు. అంతా పూర్తయ్యాక, పెట్టుకున్నవారికే కనబడని అడుగు భాగాన, పంటిరంగు లేపనంతో ఆవగింజలో సగమంత చుక్క పెడతారు. తన పనిని ఎవరైనా మరొకరి పనితో మార్చేస్తే పట్టుకోవడానికి ఆ చుక్క. ఇన్నేళ్ళలో ఎవరూ మార్చలేదు. అయినా చుక్క పెట్టడం ఆయన మానలేదు.

పొద్దంతా నకిలీకి ప్రాణం పోసే కంటికి సాయంత్రానికి అసలైనదేదీ అసలుగా కనబడదు కాబోలు. ఇంటికి పాలు వస్తే ఆయన వాసన చూస్తారు; కొత్త తాళం కొంటే ముందు దాన్ని తాళంచెవి లేకుండా తీయడానికి ప్రయత్నించి చూస్తారు; ఎవరైనా అతిగా మర్యాద చేస్తే, వారు వెళ్ళాక జేబులు తడుముకుంటారు. ఇల్లాలికి ఇదంతా అలవాటైపోయింది. చుట్టాలు కూడినప్పుడు ఆవిడ ఒక ముచ్చట చెబుతూ ఉంటుంది: "మొదటిసారి నన్ను చూసినప్పుడు నా నవ్వు చూసి మురిసిపోయారనుకున్నాను. తరవాత తెలిసింది, ఆ పళ్ళు సొంతవో కావో చూశారట." ఆయన దానికి ఎన్నడూ అడ్డు చెప్పలేదు. సొంతవేనని తేలాకే ఒప్పుకున్నానని మాత్రం నెమ్మదిగా అనేవారు.

ఇంతటి మనిషి అనుమానం లేకుండా ఆనుకొని కూర్చునే తావు ఒకటుండేది. అది ఆయన యాంప్లిఫయర్.

దాన్ని ఆయనా, ఆయన బావమరిదీ కలిసి తమ చేతులతో తయారుచేశారు. బావమరిది, అంటే ఇల్లాలి తమ్ముడు, లిఫ్టులు బాగుచేసే మెకానిక్. పెళ్ళి మాటెత్తితే ఎక్కడో లిఫ్టు మధ్యలో ఆగిపోయిందని చెప్పి సంచి భుజాన వేసుకునే రకం. అక్కకు అతడొక్కడే పుట్టింటి దిక్కు. బావగారి పెళ్ళైన కొత్తలో ఒక పాత సినిమాహాలును పడగొడుతుంటే, ప్రొజెక్టరు గదిలోని ధ్వనియంత్రాన్ని తుక్కు కింద అమ్మేస్తున్నారని విని ఇద్దరూ పరుగెత్తారు. ఆ ఇనుములోనుంచి, పగలకుండా మిగిలిన రెండు పెద్ద వాల్వులను, అంటే ఆ గాజు బుడ్లను, పసిబిడ్డలను తెచ్చినట్టు గుడ్డలో చుట్టి తెచ్చారు. బావమరిది ట్రాన్స్‌ఫార్మర్లకు తీగ చుట్టాడు. పళ్ళు చెక్కే చేతులు గనుక టంకం వేయడం మేస్త్రి వంతైంది. పాత మంచం కోళ్ళ చెక్కతో పెట్టె కట్టారు. ఎడమ స్పీకరుకు ఒక వాల్వు, కుడి స్పీకరుకు ఒక వాల్వు. స్విచ్చు వేయగానే అరవడం కొత్త యంత్రాల పద్ధతి. ఇది ముందు మేలుకుంటుంది. తీగ ఎర్రబడుతుంది, గాజు వెచ్చబడుతుంది, వేడెక్కిన వార్నిషు వాసన సన్నగా లేస్తుంది. ఆ తరవాతగానీ గొంతు విప్పదు. విప్పిన ఆ గొంతులో కమాను తీగను తాకడానికి ముందు వయొలిన్ వాయించే మనిషి పీల్చిన ఊపిరి కూడా వినబడుతుందని మేస్త్రి అంటారు.

తరవాత బావమరిది తనకోసం ఇంకొకటి కట్టుకున్నాడు. మూతబడ్డ ఒక రేడియో రిపేరు కొట్టు సామానులో దొరికిన వేరే జోడీ వాల్వులు దానికి. వెచ్చదనానికి పక్కింటి పిల్లి ఎక్కి కూర్చుంటుందని వాటిమీద చిక్కటి ఇనుప జల్లెడ మూత బిగించాడు. లోపల వాల్వులెలా ఉంటాయో చూడాలని మేస్త్రి ఎప్పుడూ వంగలేదు. అంత శ్రమకు అవి తగవని ఆయన ఉద్దేశం. "నీ సెట్టు దుప్పటి ముసుగేసుకుని పాడుతుందిరా" అనేవారు. బావమరిది ఉడుక్కోకుండా ప్రతిసారీ ఒకే జవాబు చెప్పేవాడు: "మా అక్కనే ఇచ్చాం నీకు. ఒక వాల్వు ఇవ్వలేవా బావా?"

ప్రతి ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మేస్త్రి ఇంట్లో పాట వినడం వాళ్ళ నియమం. కిటికీ పరదా దించుతారు. ఫ్యాను ఆపుతారు. వాల్వులు వెలిగాక రికార్డు ఒక వైపు పూర్తయ్యేదాకా మాట లేదు. దగ్గు వచ్చినవారు వరండాలోకి వెళ్ళాలి. ఆ చీకట్లో నారింజ రంగు దీపాలు రెండు, వాటి వెనక ముగ్గురి ముఖాలు. మేస్త్రికి ప్రాణమైన రికార్డు ఒకటుంది; అలాంటిదే ఇంకొకటి బావమరిది దగ్గరా ఉంది. అందులో రెండో రాగం మధ్యలో వయొలిన్ విద్వాంసుడు కూర్చున్న కుర్చీ ఎడమవైపు చిన్నగా కిర్రుమంటుంది. ఆ చప్పుడు రాగానే ఆయన చూపుడువేలు కొద్దిగా లేస్తుంది. సభలో తెలిసినవారు తెలిసినవారికి చేసే సైగలాంటిది అది.

కిందటేడు వానలు పట్టే ముందు మేస్త్రికి కడుపులో ఆపరేషను జరిగింది. ఇల్లాలు ఆస్పత్రిలోనే ఉండిపోయింది. ఇంటి తాళంచెవి బావమరిదికిచ్చి, మొక్కలకు నీళ్ళు పోయమనీ, చెమ్మ చేరకుండా రోజు విడిచి రోజు యాంప్లిఫయర్‌ను కాసేపు వెచ్చబెట్టమనీ మంచం మీదనుంచే ఆజ్ఞాపించారు. ఇంటికి వచ్చిన మొదటి ఆదివారమే కుట్ల నొప్పిని లెక్కచేయకుండా కుర్చీలో కూర్చున్నారు. వాల్వులు వెలిగాయి. కుర్చీ కిర్రుమంది. వేలు లేచింది. రికార్డు ఆగాక, కళ్ళు తెరవకుండానే, "ఇదీ నా ఎడమ" అన్నారు. ఇన్నాళ్ళు విశ్రాంతి దొరికిందేమో, ఇంకా తియ్యనైందన్నారు. బావమరిది ఏదో అనబోయినట్టు కదిలి, మంచినీళ్ళు కావాలని లేచి వెళ్ళాడు. వానలన్నీ కురిసి వెలిసేదాకా ప్రతి ఆదివారమూ ఆ తియ్యదనం అలాగే ఉంది.

వానలు వెలిశాక వాల్వులను ఊడదీసి, వాటి కాళ్ళకు పట్టిన చిలుమును తుడవడం మేస్త్రి ఏటా చేసే పని. ఆ రోజూ అదే పనికి కూర్చున్నారు. కుడిది తుడిచి పక్కన పెట్టారు. ఎడమది చేతిలోకి తీసుకుని, అలవాటుకొద్దీ కంటికి భూతద్దం బిగించి గాజులోపలికి చూశారు. లోపల తీగను చుట్టి ఉండే రేకు బూడిద రంగులో ఉంది. కుడిదాని రేకు నల్లన. సినిమాహాలు నుంచి తెచ్చిన రెండింటి రేకులూ నల్లనివేనని ఆయనకు తన నోట్లో పళ్ళు ఎన్నో తెలిసినంత బాగా తెలుసు. గాజుమీద పేరు చూద్దామంటే రెండింటిమీదా అక్షరాలు ఏనాడో అరిగిపోయాయి. ఆయన బూడిద రేకు వాల్వును వెలుతురులో అటూ ఇటూ తిప్పారు. తన నోట్లో ఎవరో రాత్రికి రాత్రి పరాయి పన్ను దిగేసి వెళ్ళినట్టనిపించింది.

ఎవరో మార్చారు. ఆ ఎవరో ఎవరన్న ప్రశ్నకు ఆయన ఎంత తప్పించుకు తిరిగినా ఒకే ముఖం ఎదురైంది. తాళంచెవి ఉన్నది ఒకడికి. ఊడదీసి బిగించడం తెలిసినది వాడికి. ఒక వాల్వు ఇవ్వలేవా అని ఇన్నేళ్ళూ నవ్వుతూ అడిగినదీ వాడే. నవ్వుతూ అడిగినదాన్ని నవ్వుతాలకే అనుకున్నందుకు మేస్త్రి తనను తానే తిట్టుకున్నారు.

వాల్వులు బిగించి, అదే రికార్డు పెట్టారు. ఎడమవైపు వయొలిన్ నీరసించిపోయింది. ఊపిరి వినబడలేదు. కుర్చీ చప్పుడు కోసం చెవి రిక్కించి కూర్చుంటే, అది వచ్చిందో రాలేదో కూడా తేలకుండా రాగం ముందుకు సాగిపోయింది. నిన్నటి ఆదివారం దాకా అమృతమైనది ఇవాళ పలచబడింది. శంక కంటిలో పుట్టి చెవిలో కాపురం పెట్టిందని అప్పట్లో ఆయనకు తట్టలేదు. దొంగతనానికి తన చెవి కూడా సాక్ష్యం చెబుతోందనే ఆయన తీర్మానించారు.

మర్నాడు పాత రేడియోలు అమ్మే దుకాణానికి వెళ్ళారు. దుకాణదారు మంచివాడే, కాకపోతే తెలిసిన సగం చెప్పి, తెలియని సగాన్ని మీసం దువ్వి పూరించే మనిషి. నల్ల రేకు వాల్వు సంగతి కదపగానే అతడు గొంతు తగ్గించి, అలాంటివి ఇప్పుడు దొరకడం కల్ల అన్నాడు. పట్టుకున్నవాడు వదలడన్నాడు. ఆపైన, అడగకపోయినా, "మీ బావమరిదిగారు వచ్చారు కదా మేస్త్రిగారూ, వానలకు ముందు. అచ్చం అలాంటిదే గుడ్డలో చుట్టుకొచ్చారు. మీతో చెప్పలేదా?" అన్నాడు. ఎందుకు తెచ్చాడని మేస్త్రి అడిగితే, ఆ సమయానికి తాను వేరే బేరంలో ఉన్నాననీ, ఆయన కాసేపు నిలబడి వెళ్ళిపోయారనీ చెప్పి మీసం దువ్వాడు. ఆ దువ్వడంలో మేస్త్రికి కావలసినదంతా దొరికింది.

ఆ సాయంత్రం పనిగదిలో ఒంటరిగా కూర్చుని, పంటిరంగు లేపనం కలిపి, రెండు వాల్వుల అడుగునా చుక్క పెట్టారు. చేసిన పాపానికి భయపడి మళ్ళీ ఎప్పుడైనా వాడు అసలుదాన్ని తెచ్చి పెట్టేస్తే, ఈ చుక్క లేకపోవడమే వాణ్ని పట్టిస్తుంది. అరల మీది దవడలన్నీ ఆ పని చూస్తూ ఊరుకున్నాయి.

ఆదివారం వచ్చింది. బావమరిది ఎప్పటిలా వచ్చి, అక్కతో నాలుగు మాటలాడి, భోంచేసి, గదిలోకి వచ్చాడు. మేస్త్రి ఆ రోజు వినడానికి కూర్చోలేదు, చూడడానికి కూర్చున్నారు. చూసినదేమంటే, స్విచ్చు వేశాక అతడు కుర్చీవైపు రాకుండా యంత్రం దగ్గరే నిలబడ్డాడు. ఎడమ వాల్వు మీదికి వంగి, దాని రంగు ఒకసారి పరీక్షగా చూశాడు. ఆ తరవాతే వచ్చి కూర్చున్నాడు. రికార్డు మధ్యలో మరొకసారి అటే చూశాడు. కుడిదాన్ని ఒక్కసారైనా చూడలేదు. దొంగ చూపు తాను దొంగిలించిన చోటికే పోతుందని మేస్త్రి లోలోపల రాసుకున్నారు. రికార్డు అయిపోయాక, గొంతులో ఏమీ లేనట్టు, వచ్చే ఆదివారం మీ ఇంట్లో విందామన్నారు. ముసుగైనా సరే, మార్పుగా ఉంటుందన్నారు. బావమరిది తడబడి, తన సెట్టు కొన్నాళ్ళుగా పడకేసిందన్నాడు. ఎప్పటినుంచి అంటే, వానల ముందునుంచి అన్నాడు. బాగుచేయలేదేమంటే, లిఫ్టుల పనితో తీరిక చిక్కలేదన్నాడు. యంత్రం చెడితే నిద్రపట్టని మనిషి నెలల తరబడి దాన్ని అలా వదిలేశాడంటే ఎవరు నమ్ముతారు? తన వాల్వు అక్కడ మెరుస్తోంది గనుకనే గడప తొక్కనివ్వడం లేదు.

అతడు వెళ్ళిపోయాక ఇల్లాలు గిన్నెలు సర్దుతూ, తమ్ముడితో అలా మాట్లాడారేమని అడిగింది. మేస్త్రి దాచలేకపోయారు. బూడిద రేకు, తాళంచెవి, దుకాణం, చూపు, పడకేసిన సెట్టు, అన్నీ వరసగా చెప్పుకుపోయారు. ఒకదాని పక్కన ఒకటి అమర్చిన ఆ వరస ఆయన చేసే పళ్ళవరసలాగే ఎక్కడా సందు లేకుండా ఉంది. ఆవిడ గిన్నె బోర్లించి, చేతులు తుడుచుకుని, ఎదురుగా వచ్చి కూర్చుంది.

"వాడు దొంగే అయితే ఆ మాట మీ నోట కాదు, వాడి నోటే వింటాను. వెళ్ళి అడుగుదాం, నేనూ వస్తాను" అంది. "అడిగాక, వాడు కాదని తేలితే, మీకు మళ్ళీ వాడి గడప తొక్కే మొహం ఉండదు. వాడేనని తేలితే నాకు పుట్టిల్లుండదు. రెంటికీ సిద్ధపడే లేవండి."

సెలవురోజు చూసుకుని ఇద్దరూ చెప్పకుండా బయలుదేరారు. బూడిద రేకు వాల్వును మేస్త్రి దూది పరిచిన పళ్ళ డబ్బాలో పెట్టుకున్నారు. దారి పొడవునా ఆవిడ బస్సు కిటికీలోంచి బయటికే చూసింది. ఆయన డబ్బా మూతమీద చేయి వేసుకుని కూర్చున్నారు.

బావమరిది కాపురం ఇస్త్రీ దుకాణం పైన ఒంటిగది. మెట్లు ఎక్కుతుండగానే ఆ రికార్డులోని వయొలిన్ వినబడింది. మేస్త్రి మెట్టుమీద ఆగి, చూశావా అన్నట్టు భార్యవైపు తిరిగారు. పడకేసిందన్న సెట్టు పాడుతోంది. ఆవిడ ముఖం పాలిపోయింది. తలుపు ఓరగా తీసే ఉంది. తోసుకుని లోపలికి వెళ్ళారు. బావమరిది నేలమీద కూర్చుని ఏదో మోటారు విప్పుకుంటున్నాడు. వాళ్ళను చూసి లేవబోయి, లేవలేక, చేతిలోని స్క్రూడ్రైవరుతోనే ఆగిపోయాడు.

మేస్త్రి తిన్నగా యంత్రం దగ్గరికి నడిచారు. జల్లెడ మూతమీద పక్కింటి పిల్లి ముడుచుకుని పడుకుంది. ఎందుకో అది మూత నడుమ పడుకోలేదు. ఒళ్ళంతా కుడి సగంమీదే సర్దుకుని, ఎడమ సగాన్ని పూర్తిగా వదిలేసింది. అప్పుడాయన చెవికి ఆనింది, వయొలిన్ ఒక స్పీకరులోంచే వస్తోంది. పిల్లిని దించి మూత ఎత్తారు. కుడివైపు ఒక వాల్వు వెలుగుతోంది. ఎడమవైపు ఏమీ లేదు. దుమ్ము చేరకుండా ఖాళీ సాకెట్‌లో దూది కుక్కి ఉంది. వెలుగుతున్న వాల్వులోకి వంగి చూశారు. దాని రేకు బూడిద రంగు.

డబ్బా తెరిచి తాను తెచ్చినదాన్ని పక్కన పట్టుకున్నారు. కవల పిల్లలు. ఒకటి వెచ్చగా, ఒకటి చల్లగా.

బావమరిది అరలోనుంచి ఒక ఉన్ని మేజోడు తీశాడు. అందులో నల్ల రేకు వాల్వు ఉంది. గాజు తలమీద అద్దంలా మెరవవలసిన వెండిపూత పాలలా తెల్లబడిపోయింది. వాల్వులతో కాపురం చేసేవారికి దాని అర్థం వేరే చెప్పనక్కరలేదు. గాజు చిట్లి లోపలికి గాలి దూరింది, అది ఇక వెలగదు.

"రోజు విడిచి రోజు వెచ్చబెట్టమన్నావుగా" అన్నాడు బావమరిది. "రెండోసారి వెచ్చబెడుతుంటే నీ ఎడమది రేకంతా కొలిమిలా ఎర్రబడింది. స్విచ్చు తీసేలోపే టప్పుమంది. నా చేతుల్లోనే పోయింది బావా. ఇలాంటిది దొరుకుతుందేమోనని దుకాణానికి పట్టుకెళ్ళాను. ఆయన నావైపు తిరిగితే కదా."

అప్పుడే ఎందుకు చెప్పలేదని మేస్త్రి అడిగారు.

"కుట్లు ఆరనివాడికి ఏం చెప్పను? నువ్వు వచ్చేసరికి ఖాళీగా ఉండకూడదని నాదొకటి తీసి పెట్టాను. ఇంటికొచ్చాక చెబుదామనే దీన్ని సంచిలో వేసుకునే వచ్చానారోజు. నువ్వేమో కూర్చున్నావు, కళ్ళు మూసుకున్నావు, ఇదీ నా ఎడమ అన్నావు. ఇంకా తియ్యనైందన్నావు. ఇక నాకు నోరెలా వస్తుంది? ఇదీ ఎర్రబడుతుందేమోనని వచ్చినప్పుడల్లా చూసుకుంటూనే ఉన్నాను."

ముందుగా నవ్వినది ఇల్లాలు. బిగబట్టిన ఊపిరంతా నవ్వై బయటికి వచ్చింది. ఇన్నాళ్ళూ తల ఊపినది ఆ దుప్పటి ముసుగుకేనా అని అడిగింది. మేస్త్రి జేబులోంచి భూతద్దం తీసి, కంటికి బిగించి, చచ్చిపోయిన వాల్వును కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళి చూడసాగారు. అక్కాతమ్ముళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారేగాని ఆపలేదు. లోపలి రేకు అంచున, సినిమాహాలు రోజులనాటి చిన్న వంపు ఉండాలి. ఉంది. "అదే" అన్నారు ఆయన, ఎవరితోనూ అన్నట్టు కాకుండా.

ఆలోగా బావమరిది డబ్బాలోని తన వాల్వును చేతిలోకి తీసుకున్నాడు. అటూ ఇటూ చూసి, కాళ్ళు సరిగ్గా ఉన్నాయా లేదా అని తిరగేశాడు. అడుగున ఆవగింజలో సగమంత తెల్లటి చుక్క. ఆ చుక్క దేనికో అతడికి ఎవరూ చెప్పనక్కరలేదు. బావగారి పనిగదిలో కట్టుడు పళ్ళ అడుగున దాన్ని చూస్తూనే అతడి నెత్తిన వెంట్రుకలు నెరిశాయి. బొటనవేలితో దానిమీద ఒకసారి రాశాడు. అది పోలేదు.

"నన్ను కూడానా బావా?" అన్నాడు.

తడుముకోకుండా చెప్పదగ్గ అబద్ధం ఒకటి మేస్త్రి నాలుకమీదికి వచ్చింది. ఎడమకూ కుడికీ గుర్తుగా రెండింటికీ పెట్టానని అంటే సరిపోయేది. సగం నిజమే కూడా. నకిలీని అసలుగా అమర్చడంలో అంతటి నేర్పరికి అదెంత పని. కానీ ఆయన భూతద్దం తీసి చేతిలో పట్టుకున్నారు.

"నిన్ను కూడా కాదు. నిన్నే" అన్నారు.

రికార్డు అయిపోయింది. ముల్లు చివరి గీతలో తిరుగుతూ గరగరలాడుతోంది. తీయడానికి ఎవరూ లేవలేదు. ఇల్లాలు తమ్ముడి ముఖంలోకి చూడలేక, నేలమీది మోటారు ముక్కలకేసి చూస్తూ నిలబడింది. ఆవిడ చెప్పిన రెండు దారుల్లో ఒకటి ఆ గరగరలో తేలబోతోంది. బావమరిది వాల్వును మరొకసారి తిరగేసి, వెలుతురుకు పట్టి చుక్కను పరీక్షించాడు.

"కనీసం కాస్త పసుపైనా కలపలేదు" అన్నాడు. "మరీ తెల్లగా ఉంది. పట్టుబడిపోతావు బావా."

మేస్త్రి వాల్వును అతడి చేతిలోంచి తీసుకున్నారు. యంత్రం ఆపి, కుడిది చల్లారేదాకా ఆగి, సాకెట్‌లోని దూది తీసి, కాళ్ళు కుదురుగా దిగేలా దాన్ని దాని పాత చోటులో తానే బిగించారు. మరి నీ ఎడమ సంగతేమిటని బావమరిది అడ్డుపడబోతే, ఆయన వెనక్కి తిరగకుండానే అన్నారు: "మీ అక్కనే ఇచ్చారు. ఒక వాల్వు ఇవ్వలేనా?"

అదే రాగం మళ్ళీ పెట్టారు. కిటికీకి పరదా లేదు, కింద ఇస్త్రీపెట్టెల చప్పుడు, నేలమీద నూనె గుడ్డలు. నియమాలన్నీ తప్పిన ఆ గదిలో ముగ్గురూ కూర్చున్నారు. పిల్లి తిరిగివచ్చి, మూతమీద రెండు పక్కలా వాసన చూసి, ఈసారి నడుమ పడుకుంది. రాగం సగానికి చేరేసరికి ఎడమవైపు కుర్చీ కిర్రుమంది. ఊపిరితో సహా, స్పష్టంగా. మేస్త్రి వేలు లేచింది.

దుప్పటి తీశారా అని ఇల్లాలు చెవిలో అడిగింది. "ఉంటే ఉండనీ, చలికాలం వస్తోందిగా" అన్నారు ఆయన. రికార్డు నడుస్తుండగా ఆయన మాట్లాడటం అదే మొదలు.

ఇప్పుడా రెండిళ్ళకూ కలిపి వెలిగే వాల్వులు మూడే. ఒక ఆదివారం ఇక్కడ, ఒక ఆదివారం అక్కడ. ఆ మూడోది పళ్ళ డబ్బాలో దూదిమీద పడుకుని ఊరు దాటి వస్తూ పోతూ ఉంటుంది. అడుగున చుక్క అలాగే ఉంది. గోకేస్తానని మేస్త్రి ఒకటికి రెండుసార్లు అన్నా బావమరిది ఒప్పుకోలేదు. పొరపాటున తానే మార్చేస్తే పట్టుకోవడానికి ఉండనీ అంటాడు. చచ్చిపోయిన నల్ల రేకుదాన్ని మేస్త్రి పనిగదిలో దవడల నడుమ నిలబెట్టారు. పనిలో తల ఎత్తినప్పుడు చూపు ముందు దానిమీదే పడుతుంది. అనుమానం మాత్రం ఆయన్ను వదిలి ఎక్కడికీ పోలేదు. పాలు ఇప్పటికీ వాసన చూస్తారు. మొన్న దుకాణదారు ఎదురై, నల్ల రేకుది ఒకటి వచ్చింది, మీకోసమే దాచానంటే, అంత ప్రేమ ఎందుకొచ్చిందా అని ఇంటికి వచ్చేదాకా ఆలోచించారు. కాకపోతే, ఆలోచించినది రాగానే భార్యతో చెప్పారు. చెప్పి, ఆదివారం ముగ్గురమూ కలిసి వెళ్ళి చూద్దామన్నారు.

ఆ ఇంటి దీపాలలో తీగ తెగకుండుగాక, గాజు చిట్లకుండుగాక. ఆయన చేతి పళ్ళతో నవ్వుతున్నవారి నవ్వులన్నీ తెలిసో తెలియకో ఆ గడపకు దీవెనలై చేరుగాక. శంక వచ్చిన రోజున దాని వెంటే అడిగే ధైర్యమూ, విన్నది నమ్మే ఓర్పూ ఆయనకు కలుగుగాక. ఆ ఇల్లాలి పుట్టిల్లు ఆ మెట్లపైన చల్లగా ఉండుగాక. ఏ ఇంట వెలిగినా ఆ మూడు వాల్వుల వెచ్చదనం ముగ్గురికీ సమంగా అందుగాక. ఆ పిల్లికి ఏనాడూ ఒక పక్కకే ఒదిగి పడుకోవలసిన అవసరం రాకుండుగాక.